మడిచి కట్టిన పైపు

ఒక మాట పదేళ్ళకు పైగా నా లోపల పడి ఉంది. మొన్నమొన్నటి దాకా ఎవరికీ చెప్పలేదు. మా ఇంటిదానికి కూడా చెప్పలేదు, ఆమె ఏమీ తెలియకుండానే పోయింది. మీరెవరో నాకు తెలియదు. తెలియని మనిషికి చెప్పడం సులువనుకుని కూర్చున్నాను. పొద్దున కూర్చున్నవాడిని. ఎండ నడినెత్తికి వచ్చింది. ఇప్పటికి ఈ నాలుగు ముక్కలే అయ్యాయి.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. తర్వాత చెబుదామనుకుంటే మళ్ళీ తప్పించుకుంటాను, నా గుణం నాకు తెలుసు. మా తమ్ముడు భద్రయ్య చావుకు వాడి భార్య సరోజన నిర్లక్ష్యమే కారణమని మా ఊరంతా అంటుంది. మా అమ్మ ఆ మాట అంటూనే కన్నుమూసింది. అది అబద్ధం. కారణం నేను. ఆ అబద్ధాన్ని పుట్టించింది కూడా నేనే.

మాది దమ్మపేట అవతల, అడవి అంచున ఒక పల్లె. ఇప్పుడు ఎటు చూసినా పామాయిల్ తోటలే కానీ అప్పట్లో తాటిచెట్లు ఎక్కువ. భద్రయ్య నాకంటే చాలా చిన్నవాడు. కల్లు కోసం తాళ్ళు గీసేవాడు. ఏడో తరగతి దాకా చదివినవాడు మా ఇంట్లో వాడొక్కడే. ఒక వానాకాలం పొద్దున మోకు జారి చెట్టు మీద నుంచి పడ్డాడు. ప్రాణం పోలేదు. వీపు పైభాగంలో ఎముక విరిగింది. చేతులు బాగానే ఉన్నాయి, మాట బాగానే ఉంది. రొమ్ము కింద నుంచి మాత్రం ఏమీ తెలియదు. కాళ్ళు కదలవు. ఉచ్చ వచ్చేదీ తెలియదు. పెద్ద దవాఖానాలో పైపు వేసి, దానికొక సంచి తగిలించి ఇంటికి పంపారు.

ఆ పైపు ఎలా ఉంటుందో చూడనివాళ్ళకు చెప్పాలి. చెప్పకపోతే నేను చేసింది మీకు అర్థం కాదు. రబ్బరుది, వేలంత లావు కూడా ఉండదు. ఉచ్చ తిత్తి దాకా లోపలికి పోతుంది. లోపల చిన్న బుడగ ఉబ్బి, జారిపోకుండా పట్టుకుంటుంది. బయటి చివరకు పొడుగాటి ప్లాస్టిక్ గొట్టం, గొట్టానికి సంచి. సంచిలో ఉన్నదంతా బయటికి కనిపిస్తుంది. రంగు కనిపిస్తుంది, ఎంత నిండిందో కనిపిస్తుంది. పైన కొక్కేలుంటాయి, దవాఖానా ఇనుప మంచానికి తగిలించడానికి. మా నులక మంచానికి ఆ కొక్కెం పట్టదు. తాడుతో మంచం కోడుకు కట్టేవాళ్ళం. సంచి నేలకు ఆనేది. కోళ్ళు వచ్చి పొడిచేవి. వాడిని పక్కకు తిప్పినప్పుడల్లా గొట్టం లాగేది, తొడ మీద అంటించిన ప్లాస్టర్ చెమటకు ఊడేది.

ఇంటికి పంపేటప్పుడు నర్సమ్మ మమ్మల్ని ముగ్గురినీ, సరోజననూ అమ్మనూ నన్నూ, కూర్చోబెట్టి చెప్పింది. సంచి ఎప్పుడూ నడుము కిందనే ఉండాలి. పైపు ఎక్కడా మడత పడకూడదు. ఇతనికి తిత్తి నిండినా తెలియదు, కానీ ఒళ్ళు ఇంకో రకంగా చెబుతుంది. తల పగిలేటంత నొప్పి వస్తుంది, ముఖం ఎర్రబడుతుంది, చెమటలు పడతాయి. అలా అయితే ఇంకేమీ ఆలోచించకండి, మొదట పైపు చూడండి. ఈ మాట నేను విన్నాను. చెవిటివాడిని కాదు. విన్నానని రాసి పెడుతున్నాను, ఎందుకంటే విననట్టు చాలా ఏళ్ళు నటించాను.

వాడు మొదట్లో నవ్వించేవాడు. "అన్నా, ఇన్నేండ్లు చెట్లకు నేను కల్లు లొట్లు కట్టిన. ఇప్పుడు నాకే లొట్టి కట్టిండ్రు. పొద్దున ఒకసారి, మాపున ఒకసారి దించుకోండ్రి" అనేవాడు. ఒకప్పుడు వాడి కల్లు తాగినవాళ్ళు చూడడానికి వచ్చి వాళ్ళూ నవ్వేవాళ్ళు. కానీ మాట్లాడుతున్నంతసేపూ వాళ్ళ కళ్ళు సంచి మీదే ఉండేవి. భద్రయ్య దుప్పటి లాగి కప్పుకునేవాడు. కొన్నాళ్ళకు జనం రావడం తగ్గింది. ఇంకొన్నాళ్ళకు ఎవరైనా వస్తున్న అలికిడైతే వాడే నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకునేవాడు. నీళ్ళు తాగడం తగ్గించాడు. తాగితే సంచి నిండుతుంది కదా. నీళ్ళు తగ్గితే పైపులో తెల్లటి పొరలు కట్టేవి, జ్వరం వచ్చేది, మళ్ళీ దవాఖానా. కాళ్ళు పోయినందుకు వాడు ఏడవడం నేను చూడలేదు. ఒకసారి దసరా రోజు వాకిట్లో చాప మీద కూర్చోబెడితే, గొట్టం ఊడి చాప తడిసింది. అందరూ చూశారు. అప్పుడు ఏడ్చాడు.

నాకు అక్షరాలు నేర్పింది ఆ మంచంలోని మనిషే. నాకు యాభై దాటిన వయసులో. పలక తెచ్చి ఇస్తే, "ఎద్దుకు దున్నుడు నేర్పిన గాని నీకు రాసుడు నేర్పలేకపోతున్న" అని తిడుతూ చెయ్యి పట్టి దిద్దించాడు. ఈ మాట రాయాలా వద్దా అని చాలాసేపు ఆగాను. రాశాను.

సరోజన అన్నీ చేసేది. పైపు చుట్టూ కడిగేది, సంచి ఒంపేది, వీపు మీద పుండ్లు పడకుండా తిప్పేది. తన పాత నల్ల చీర చింపి సంచికి ఒక తొడుగు కుట్టింది. లోపలిది కనిపించకుండా, కింద మూత తిప్పుకోవడానికి సందు వదిలి, నడుముకు కట్టుకునే నాడాతో. చక్రాల కుర్చీలో కూర్చుంటే అది తొడ పక్కన, నడుము కిందనే, లుంగీ మడతలో కలిసిపోయేది. అది కట్టుకుని భద్రయ్య రెండు మూడుసార్లు వీధి చివర దాకా వెళ్ళాడు. అది నాకు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదు? ఇంట్లో పడి ఉంటేనే నా పరువు నిలుస్తుందని లోపల ఎక్కడో ఉందేమో. ఉంది. ఏమో అనడం దేనికి.

తర్వాత నా బిడ్డ రమ పెండ్లి కుదిరింది. తల్లాడ సంబంధం. వాళ్ళు మాకంటే ఉన్నవాళ్ళు. చిన్నప్పుడు భద్రయ్య భుజాల మీద తిరిగిన పిల్ల అది. "చిన్నాయన పందిట్ల లేకుంటే నేను పీటల మీద కూసోను" అంది. అప్పగింతలప్పుడు, అంటే పిల్ల చేతులు పాలల్లో ముంచి అత్తగారివాళ్ళ చేతుల్లో పెట్టే వేళ, చిన్నాయన పక్కన ఉండాలని పట్టుబట్టింది. సరే అన్నాను. సరే అన్నవాడిని అక్కడితో ఆగలేదు.

మా తోటల్లో డ్రిప్పు పైపులుంటాయి. పైపు చివర మూత పోతే దాన్ని వెనక్కి మడిచి, సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కడతాం. చుక్క కారదు. ఏళ్ళ తరబడి చేసిన పని, చెయ్యి దానంతటదే చేస్తుంది. పెండ్లి రోజు సరోజనను ఆడవాళ్ళతో కలిసి కుమ్మరింటి నుంచి పెండ్లిలో పెట్టే ఐరేని కుండలు తేవడానికి పంపాను. కావాలనే పంపాను. గది తలుపు వేసి, జేబులోంచి ట్యూబు ముక్క తీశాను.

"ఏందన్నా అది?" అన్నాడు భద్రయ్య.

"ఏం లేదు. కాసేపు సంచి తీసేస్తున్న."

"తీస్తె కారదా?"

"కారకుండ కడ్త. డ్రిప్పు పైపు కట్టమా, గట్ల."

నవ్వాడు. "నేను పామాయిల్ చెట్టును కాదే."

"నోరు మూసుకో. పిల్లగాని తరఫున ఎంతమంది వచ్చిండ్రో చూసినవా? వాళ్ళ ముంగట ఉచ్చ సంచి ఏలాడేసుకొని కూసుంటవా?"

"సరోజన కుట్టింది ఉంది గదా. అండ్ల పెడితె కనపడది."

"ఎంత బట్ట కప్పినా అది ఉచ్చ సంచే."

"నర్సమ్మ మడవొద్దన్నదన్నా."

"నర్సమ్మ బిడ్డ పెండ్లా ఇది? గంటసేపు. అప్పగింతలు కాంగనె ఇప్పేస్త."

వాడు కాసేపు నా చేతుల వంక చూశాడు. కాళ్ళు ఉంటే లేచి పోయేవాడు. లేవు. "సరే, రమ కోసం. మర్చిపోకే అన్నా" అన్నాడు.

నేను మర్చిపోలేదు. మర్చిపోయి ఉంటే ఇదంతా పొరపాటు కింద పోయేది, ఈ కాగితం అవసరం ఉండేది కాదు.

కొత్త పంచె కట్టి, కండువా వేసి వాడిని పందిట్లోకి తెచ్చాను. ఎవరూ గుర్తుపట్టలేదు, ఇతనికేనా రోగం అన్నారు. నాకు గర్వంగా ఉంది. మగపెండ్లివాళ్ళ బండి ఒకటి దారిలో ఆగిపోయి ముహూర్తం వెనక్కి పోయింది. గంట దాటింది. ఇంకా దాటింది. కుండలు తెచ్చిన సరోజన నా దగ్గరికి వచ్చి, "బావా, సంచి ఏది? కనపడుతలేదు" అంది. "పంచె లోపల కట్టిన. మంచిగనె ఉంది. నువ్వు పోయి వడ్డన చూడు" అన్నాను. ఆమె నమ్మింది. భర్త అన్న చెబితే నమ్మకుండా ఎట్లా ఉంటుంది?

అప్పగింతలు మొదలయ్యే ముందు భద్రయ్య నా కండువా పట్టి లాగాడు. "అన్నా, తలకాయ పగిలిపోతుంది." ముఖం ఎర్రగా ఉంది. చెమట ధారగా కారుతోంది. నర్సమ్మ చెప్పింది చెప్పినట్టు నా ఎదుట ఉంది. ఆమె మాట గుర్తుకొచ్చిందా? వచ్చింది. స్పష్టంగా వచ్చింది. కుర్చీ తిప్పి గదిలోకి తోసుకుపోవడానికి ఎంతసేపు పడుతుంది? ఏమంత సేపు పట్టదు. కానీ అందరూ వరసగా కూర్చున్నారు, వియ్యంకుడు నన్నే చూస్తున్నాడు, ఇప్పుడు కుర్చీ కదిలిస్తే ఎందుకని అడుగుతారు, ఎందుకో చెప్పాల్సి వస్తుంది. "ఇంకాసేపాగు. పాలు తెస్తున్నరు" అన్నాను. ఇదే నేను దాచింది. పైపు కట్టడం కంటే ఈ మాటే ఎక్కువ దాచాను.

వాడు ఆగాడు. పిల్ల చేతులు పట్టుకున్నాడు. తర్వాత తల పక్కకు వాలింది.

గదిలోకి తోసుకుపోయి తలుపు వేశాను. మొదట ఎవరినీ పిలవలేదు. చాకుతో ట్యూబు ముక్క కోశాను. ఉచ్చ నేల మీదికి, నా కాళ్ళ మీదికి దూకింది. ఎంతకీ ఆగలేదు. గొట్టం తగిలించి, సంచి కట్టి, రబ్బరు ముక్క జేబులో పెట్టుకున్నాక అప్పుడు కేక వేశాను. ఆ కాసేపు నాకు తమ్ముడి మీద ధ్యాస లేదు. ఎవరూ చూడకూడదన్నదొక్కటే ఉంది.

దవాఖానాలో చూసి, బీపీ ఒక్కసారిగా పెరిగి మెదడులో నరం చిట్లిందన్నాడు డాక్టర్. "ఇటువంటి వాళ్ళకు తిత్తి నిండితే ఇట్లయితది. పైపు ఎక్కడన్న మూసుకుపోయిందా? చూసుకునేది ఎవరు?" అని అడిగాడు. అందరం సరోజన వంక చూశాం. "పొద్దున చూసిన సార్, మంచిగనె కారింది" అంది ఆమె. నేను నోరు మూసుకుని ఉన్నా తప్పు సగమే ఉండేది. నేను మూసుకోలేదు. "పైపు ఎక్కడన్న నలిగిందేమో సార్. చూసుకునేది ఆమెనె. పెండ్లి పనిల పడి చూసుకోలేదేమో" అన్నాను. మెల్లగా, పెద్దమనిషిలా, ఆమెను వెనకేసుకొస్తున్నట్టే అన్నాను.

ఆ మాట చాలు. మా అమ్మ అక్కడే మొదలుపెట్టింది. "తలనిండ పూలు పెట్టుకొని తిరిగినవ్ గదనే, నా కొడుకును మింగడానికి." ఊరికి చేరేసరికి అది ఊరందరి మాట అయింది.

భద్రయ్య ఇంకొన్ని నెలలు బతికాడు. మాట పోయింది, కుడిచెయ్యి పోయింది. మళ్ళీ అదే మంచం, అదే పైపు, అదే సంచి. అన్నీ సరోజనే చేసింది, తిట్లు తింటూ చేసింది. ఒకరోజు అమ్మ ఆమెను శాపనార్థాలు పెడుతుంటే వాడు ఎడమచెయ్యి ఎత్తి నా వైపు చూపించాడు. నోటి నుంచి ఏదో చప్పుడు. అమ్మ, "చూడు, అన్నను పిలుస్తున్నడు. అన్నంటె ఎంత పానమో" అంది. నేను పోయి ఆ చెయ్యి పట్టుకున్నాను. వాడు వెనక్కి లాక్కోబోయాడు. నేను గట్టిగా పట్టుకున్నాను, అమ్మ చూస్తోంది కాబట్టి.

మిరప కోతలప్పుడు పోయాడు. దినాలు కాగానే సరోజన చండ్రుగొండలో ఉన్న తన అన్న దగ్గరికి వెళ్ళిపోయింది. పిల్లల్లేరు. వాడి వంతు పొలం నాకే మిగిలింది. మొగుణ్ణి చంపుకున్నదానికి వాటా ఏందనుకుని ఊళ్ళో ఎవరూ ఆమె వంతు సంగతి అడగలేదు. నేనూ అడగనివ్వలేదు.

ఇన్నేళ్ళు లేనిది ఇప్పుడెందుకు అంటారా? ఇప్పుడు నాకూ పైపు ఉంది. మగవాళ్ళకు వయసు మీద పడితే వచ్చే గ్రంథి వాపుతో ఉచ్చ ఆగిపోయింది. గుండె బాగాలేదని ఆపరేషన్ వద్దన్నారు. తల్లాడలో రమ ఇంట్లోనే ఉంటున్నాను. మొదటి వారంలోనే నేనూ నీళ్ళు తగ్గించాను. ఎవరైనా వస్తే దుప్పటి లాక్కున్నాను. పక్కకు తిరిగినప్పుడల్లా లోపలి బుడగ గుచ్చుకున్నట్టు ఉండేది. మనవరాలు ముక్కు మూసుకుని వెళితే నా కోసమే మూసుకుందనుకున్నాను. మంచం దిగాలంటే సంచి చేత్తో పట్టుకుని దిగాలి, ఇంకో చేతిలో కర్ర, ఇక తలుపు తీసేది ఏ చేత్తో? ఈ సంచి చేసినవాడు మంచం మీద పడుకున్న మనిషినే తలుచుకుని చేశాడు. లేచే మనిషి, బస్సెక్కే మనిషి, పెండ్లికి పోయే మనిషి వాడికి తట్టలేదు. నాకూ తట్టలేదు. వస్తువు మనిషికి సరిపోకపోతే వస్తువును మార్చాలి. నేను మనిషినే మడిచాను.

పైపు మార్చడానికి వచ్చే నర్సు పిల్ల నా అవస్థ చూసి కాలికి కట్టుకునే చిన్న సంచి తెచ్చింది. పిక్కకు రెండు మెత్తటి పట్టీలు, పొట్టి గొట్టం, వేలితో తిప్పే మూత. పైన ప్యాంటు వేసుకుంటే ఏమీ కనిపించదు. "ఇది కొత్తగ వచ్చిందా బిడ్డా?" అని అడిగాను. "కొత్తదేంది తాతా, ఎప్పటినుంచో ఉంది. అడిగినోళ్ళకు తెచ్చిస్తం" అంది. అడిగినవాళ్ళకు. నేను అడగలేదు. పెండ్లికి షామియానా ఎక్కడ మంచిది దొరుకుతుందో పది చోట్ల అడిగాను. ఇది అడగలేదు.

ఆ సంచి కట్టుకుని రెండు బస్సులు మారి చండ్రుగొండ పోయాను. పక్కన కూర్చున్నవాడికి కూడా తెలియలేదు. సరోజన బడిలో వంట చేస్తోంది. జుట్టు నెరిసింది. గిన్నెలు తోముతున్నదల్లా లేచి కొంగు సర్దుకుంది. నిలబడే చెప్పాను, మీకు చెప్పినట్టే, ఏదీ దాచకుండా. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. తడి చేతులు కొంగుకు తుడుచుకుని, "అందరు అనంగ అనంగ నేనే చేసిన్నేమో అనుకున్న బావా. ఇన్నేండ్లు. కుండలకు పోక ముందు ఒకసారి చూస్తె అయిపోవునేమో అని" అంది. ఊరి ముందు ఆమె పేరే పోయిందనుకున్నాను. ఆమెకు తన మీద తనకున్న నమ్మకం కూడా తీసుకున్నానని అప్పటిదాకా నాకు తెలియదు. పొలం సంగతి ఎత్తబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది. "నాకు చెప్పినవ్, సరే. నన్ను అన్నోళ్ళకు ఎవరు చెప్తరు? రమకు చెప్పినవా?"

"లేదు."

"అయితె పో బావా" అని మళ్ళీ గిన్నెల దగ్గర కూర్చుంది.

నోటితో రమకు చెప్పడానికి మూడు పూటలు ప్రయత్నించాను. ప్రతిసారీ వేరే మాట ఎత్తాను. అందుకే ఈ కాగితం. నా పేరు పెట్టలేదు, కానీ మా ఊరివాళ్ళు ఎవరు చదివినా తెలిసిపోతుంది. తెలియాలి. సరోజన తప్పు లేదు. పైపు మడిచింది నేను. ఆగమన్నది నేను. నింద వేసింది నేను.

ఇంతవరకు రాయడానికి కొన్ని రోజులు పట్టింది. ఇవ్వాళ మధ్యాహ్నం రమను పిలిచి చదివి వినిపించాను. మిగిలింది ఆ తర్వాత రాస్తున్నాను.

బియ్యం చెరుగుతూ వింటోంది. సగంలో చేతులు ఆగిపోయాయి. నేను చదవడం అయిపోయాక ఒక్కటే అంది: "చిన్నాయన మొహం నిండ చెమట ఉంటె నా కొంగుతోటి తుడిచిన. ఉక్కకు అనుకున్న. నువ్వు పక్కనే ఉన్నవ్ నాయినా." నేను అవునన్నాను. చేట కింద పెట్టి ఫోన్ తీసుకుంది. ఎవరినో అడిగి నంబరు తీసుకుంది. "చిన్నమ్మా, నేను రమను" అనేదాకా వినిపించింది. తర్వాత పెరట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది, నాకు వినిపించకుండా.

ఇంకా అక్కడే ఉంది. పొద్దు వాలుతోంది. నన్ను ఏమంటుందో, ఊరు ఏమంటుందో తెలియదు. క్షమించమని నేనెవరినీ అడగను, అడిగితే ఇవ్వాల్సిన బరువు మళ్ళీ వాళ్ళ మీదే పడుతుంది. చెప్పాను, అంతే. ఎన్నో ఏళ్ళుగా అన్నం మందు మింగినట్టు మింగుతున్నాను. ఇప్పుడు నిజంగా ఆకలి వేస్తోంది. పెట్టమని అడగడానికి నోరు రావడం లేదు.